అనుభవం లేని సేనానాయకత్వం: ఉత్తరాంధ్ర యుద్ధాలు, తెరపై వాటి చిత్రణ (1757–1794)

సారాంశం

యుద్ధ ఇతివృత్తంతో వచ్చే దృశ్య కథనాలలో అనుభవం లేని నాయకుడు తరచుగా కనిపించే పాత్ర. అతని తొందరపాటు, తడబాటు కథకు మలుపులవుతాయి. అయితే అటువంటి నాయకుడు ఆ స్థానానికి ఎలా వచ్చాడన్న ప్రశ్నను చాలా కథనాలు వేయవు. 1757–1794 మధ్య శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులలో జరిగిన బొబ్బిలి, చందుర్తి, జలుమూరు, పద్మనాభం యుద్ధాలను ఆ ప్రశ్న దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. అనుభవరాహిత్యం వ్యక్తి లోపం కంటె ముందుగా ఒక వ్యవస్థ తయారుచేసిన స్థితి అనీ, ఓడినవారి మీద తరువాత వేసిన ముద్ర కూడా అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ అవగాహన లేకపోవడంవల్ల తెలుగు తెర మీద ఉత్తరాంధ్ర యుద్ధచరిత్ర శౌర్యం, ద్రోహం అనే రెండు మాటలకే ఎట్లా పరిమితమైందో చర్చిస్తుంది.

కీలక పదాలు: ఉత్తర సర్కారులు, బొబ్బిలి, చందుర్తి, జలుమూరు, పద్మనాభం, పూసపాటి వంశం, సేనానాయకత్వం, యుద్ధచిత్రాలు

1. ఉపోద్ఘాతం

నరసన్నపేట నుంచి పద్మనాభం దాకా విస్తరించిన వంశధార, నాగావళి, గోస్తనీ పరీవాహక ప్రాంతం పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఎడతెగని యుద్ధాలను చూసింది. ఈ ప్రాంతపు రాజకీయ కేంద్రం నాడు చికాకోలుగా వ్యవహరింపబడిన శ్రీకాకుళం. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులను ఫ్రెంచి సైన్యపు ఖర్చుల కోసం బుస్సీకి అప్పగించాడు. అప్పటి నుంచి 1794లో పద్మనాభం వద్ద విజయనగర ప్రభువు మరణించేవరకు గడిచిన నాలుగు దశాబ్దాలలో ఇక్కడి సంస్థానాధీశులు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు పలుమార్లు తలపడ్డారు.

ఈ యుద్ధాలలో జనస్మృతిలో స్థిరపడినది బొబ్బిలి ఒక్కటే. జంగం కథ, బుర్రకథ, నాటకం, చలనచిత్రం దానిని తరతరాలకు అందించాయి. చందుర్తి, పద్మనాభం చరిత్ర గ్రంథాలలో కనిపిస్తాయి. నరసన్నపేటకు పొరుగుననే ఉన్న జలుమూరు గెజిటీర్లలో ఒక వాక్యానికి పరిమితమైంది. ఒక యుద్ధం కథగా మారడానికి, మరొకటి మారకపోవడానికి కారణమేమిటన్న ప్రశ్నకు సమాధానం వీరుల సంఖ్యలో దొరకదు. నాయకత్వాన్ని అర్థం చేసుకునే పద్ధతిలో వెదకాలి.

2. తెర మీది అనుభవరాహిత్యం

అనుభవం లేని నాయకత్వాన్నే కథావస్తువుగా స్వీకరించిన చిత్రాలలో హెచ్‌బీఓ దూరదర్శన ప్రసారం కోసం 1998లో నిర్మించిన ‘వెన్ ట్రంపెట్స్ ఫేడ్’ ఒకటి. దర్శకుడు జాన్ ఇర్విన్. జర్మనీ సరిహద్దులలోని హుర్ట్‌గెన్ అడవిలో 1944లో అమెరికన్ సైన్యం చేసిన సుదీర్ఘ పోరాటం దీని నేపథ్యం. తన దళంలో ఒక్కడే ప్రాణాలతో మిగిలిన మానింగ్ అనే సామాన్య సైనికుడు తనను ముందు వరుస నుంచి తప్పించమని కోరతాడు. పై అధికారి అతణ్ణి సార్జెంటును చేసి, యుద్ధమే చూడని కొత్తవారిని అతని చేతిలో పెడతాడు. బతికి ఉండడమే అతని అర్హత.

ఈ చిత్రం విలువ యుద్ధ సన్నివేశాల భీకరత్వంలో లేదు. నాయకుని అనుభవరాహిత్యానికి మూలం ఎక్కడుందో చూపడంలో ఉంది. నాటి అమెరికన్ సైన్యం నష్టపోయిన దళాన్ని వెనక్కు తెచ్చి పునర్నిర్మించడానికి బదులు, పోరాడుతున్న దళాలలోకే కొత్త సైనికులను ఒక్కొక్కరిగా పంపే పద్ధతిని ప్రధానంగా అనుసరించింది. కొత్తవాడు తన పక్కనున్నవాని పేరు తెలుసుకునేలోగానే ముందు వరుసలో నిలబడవలసి వచ్చేది. చిత్రంలో కనిపించే ప్రతి తడబాటు వెనుక ఈ పద్ధతి ఉంది. ప్రేక్షకుడు కొత్త సైనికుణ్ణి పిరికివాడని నిందించలేడు, అతణ్ణి అక్కడికి పంపిన విధానాన్ని ప్రశ్నిస్తాడు.

తెలుగులో యుద్ధాన్ని కేంద్రంగా చేసుకున్న చారిత్రక చిత్రాల మార్గం వేరు. 1964లో సి. సీతారాం దర్శకత్వంలో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’లో రంగారాయుడుగా ఎన్.టి. రామారావు, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు నటించారు. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో కృష్ణంరాజు కథానాయకుడుగా ‘తాండ్ర పాపారాయుడు’ వచ్చింది. ఈ రెండింటికీ ఆధారం మౌఖిక వీరగాథా సంప్రదాయం. ఆ సంప్రదాయంలో ఓటమికి కారణం శత్రువు కుట్ర, లేదా స్వజనుల ద్రోహం. వీరునికి తెలియనిదంటూ ఉండదు. అతడు సమస్తం తెలిసే మరణాన్ని ఎన్నుకుంటాడు. అందువల్ల నాయకత్వ సామర్థ్యం, సమాచారం, సైన్యపు జీతం, అనుభవం వంటి అంశాలకు ఆ కథనంలో చోటు లేదు. దీనిని సంప్రదాయపు లోపంగా ఎంచనవసరం లేదు, ఎందుకంటే సంతాపాన్ని గౌరవంగా మార్చడం వీరగాథ ధర్మం. కాని అదే గాథ చరిత్ర స్థానాన్ని ఆక్రమించినపుడు కొన్ని ప్రశ్నలు కనుమరుగవుతాయి.

3. బొబ్బిలి (1757): అనుభవజ్ఞుని అజ్ఞానం

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద జరిగిన దాడికి నాయకుడైన బుస్సీని అనుభవం లేనివాడని ఎవరూ అనలేరు. 1751 నుంచి అతడు దక్కనులో నిజాముల సింహాసనాన్నే నిలబెట్టిన సేనాని. అయినా శ్రీకాకుళం సర్కారులోని సంస్థానాల పరస్పర వైరాలు అతనికి ప్రత్యక్షంగా తెలిసినవి కావు. ఆ విషయంలో అతడు ప్రధానంగా విజయనగర ప్రభువు పెద విజయరామరాజు మీద ఆధారపడ్డాడు. బొబ్బిలి, విజయనగర సంస్థానాల మధ్య అప్పటికే తీవ్రమైన పగ ఉంది. బొబ్బిలిని వదిలి మరొకచోట భూములు తీసుకొమ్మన్న ప్రతిపాదనను రంగారాయుడు నిరాకరించాడు. బుస్సీ దృష్టిలో అది సమంజసమైన బదిలీ, బొబ్బిలి వెలమ దొరల దృష్టిలో వంశగౌరవానికి మరణం. ఈ తేడాను కొలిచే సాధనం అతని చేతిలో లేదు.

కోట పడిపోవడం ఖాయమని తేలినపుడు లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే వధించి, కడవరకు పోరాడి మరణించారు. బుస్సీ చేతికి చిక్కినది శవాలతో నిండిన కోట. మూడు రాత్రుల తరువాత తాండ్ర పాపారాయుడు, అతని అనుచరులు విజయరామరాజు గుడారంలో ప్రవేశించి అతణ్ణి చంపారు. ఒక్క వారంలోనే ఫ్రెంచివారు ఒక సంస్థానాన్ని నాశనం చేసి, తమకు అండగా నిలిచిన మరొక సంస్థానపు ప్రభువును పోగొట్టుకున్నారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. అనుభవం అనేది ఎక్కడికైనా మోసుకుపోగల సొత్తు కాదు. హైదరాబాదు దర్బారులో గడించిన నేర్పు బొబ్బిలి కోట గుమ్మం ముందు పనికిరాలేదు. సైనికంగా బుస్సీ గెలిచాడు. రాజకీయంగా అతని విజయం మరుసటి ఏడాదే ఫ్రెంచివారికి ఎదురుతిరిగింది.

4. చందుర్తి (1758): దూరం నుంచి వచ్చిన ఉత్తర్వు

పెద విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందగజపతి రాజుకు ఫ్రెంచివారి నుంచి ఆశించిన ఆదరణ లభించలేదు. 1758లో పరిస్థితి మారింది. ఆ ఏడాది ఏప్రిల్ చివరలో పుదుచ్చేరి చేరిన ఫ్రెంచి సేనాపతి కౌంట్ లాలీ తన శక్తినంతా మద్రాసు మీద కేంద్రీకరించదలచి బుస్సీని దక్కను నుంచి వెనక్కు పిలిచాడు. బుస్సీ స్థానంలో సర్కారుల రక్షణ మార్క్వి ద కాన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చింది. అతడు ఈ దేశానికి కొత్తవాడు, ఇక్కడి సంస్థానాలను, దారులను, భాషను ఎరుగనివాడు. ఏడేళ్ళ అనుభవాన్ని ఒక ఉత్తర్వుతో తొలగించి, దాని స్థానంలో ఒక పదవిని మాత్రమే ఉంచిన నిర్ణయం అది. దానిని తీసుకున్న లాలీకి సర్కారులు దూరపు ప్రాంతాలు, ప్రస్తుతానికి అనవసరమైనవి.

ఆనందరాజు ఆ ఖాళీని వెంటనే గుర్తించాడు. ఫ్రెంచివారి వశంలో ఉన్న విశాఖపట్టణాన్ని పట్టుకుని ఆంగ్లేయుల సహాయం కోరాడు. లాలీ దాడిని ఎదురుచూస్తున్న మద్రాసు ప్రభుత్వం ముందుకు రాలేదు. బెంగాల్లో ఉన్న క్లైవ్ మాత్రం కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ను సుమారు 500మంది ఐరోపా సైనికులతో, 2,000మంది సిపాయీలతో పంపాడు. ఫోర్డ్ అక్టోబరులో విశాఖపట్టణంలో దిగాడు. సైన్యపు ఖర్చుల కింద రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలనీ, జయించిన ప్రాంతంలో లోపలి భూములు రాజుకు, సముద్రతీరం కంపెనీకి చెందాలనీ ఒప్పందం కుదిరింది.

రెండు సైన్యాలు డిసెంబరు తొలినాళ్ళలో, నేటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర ఎదురుపడ్డాయి. ఆంగ్ల చరిత్రకారులు దీనిని ‘కాండోర్ యుద్ధం’ అన్నారు. కాన్‌ఫ్లాన్స్ వద్ద కూడా సుమారు 500మంది ఐరోపా సైనికులున్నారు, సిపాయీల సంఖ్య దాదాపు 6,000. ఫిరంగులు 30కి పైగా ఉన్నాయి. సంఖ్యలో, ఆయుధబలంలో ఫ్రెంచివారిదే పైచేయి.

యుద్ధపు మలుపు ఒక చూపులో జరిగిన పొరపాటు. బెంగాలు నుంచి ఫోర్డ్ తెచ్చిన సిపాయీలు ఎర్రని దుస్తులు ధరించారు. ఆంగ్ల ఐరోపా పటాలాన్ని ఏపుగా పెరిగిన పంటచేను మరుగుపరిచింది. ఫ్రెంచి ఐరోపా దళం ఎదుట కనిపించిన ఎర్రదుస్తుల వరుసను ఆంగ్లేయులనుకుని దాని మీద విరుచుకుపడింది. సిపాయీలు వెనుకంజ వేయగా, ఫ్రెంచి సైనికులు వరుసలు చెదిరి వారిని తరిమారు. అంతలో చేను మరుగునుంచి వచ్చిన ఆంగ్ల పటాలం వారి పక్క నుంచి కాల్పులు జరిపింది. ఫ్రెంచి దళం చెదిరిపోయింది. ఫిరంగులు, శిబిరం శత్రువుల వశమయ్యాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం వైపు పలాయనం చిత్తగించాడు.

ఈ ఘట్టాన్ని కాన్‌ఫ్లాన్స్ అసమర్థతకు ఉదాహరణగా చూపడం పరిపాటి. కాని అతని పొరపాటును విడమరచి చూస్తే మరొక సంగతి తేటపడుతుంది. మద్రాసు సిపాయీల దుస్తులకూ బెంగాలు సిపాయీల దుస్తులకూ ఉన్న తేడా తెలిసిన సహచరుడెవరైనా అతనికి అత్యవసరం. ఆ తేడాను కనిపెట్టి చెప్పగల వేగు వ్యవస్థ కావాలి. బుస్సీ వద్ద ఏళ్ళ తరబడి పెరిగిన పరిచయాల వల బుస్సీతోనే దక్షిణానికి వెళ్ళిపోయింది. కాన్‌ఫ్లాన్స్‌కు సైన్యం మిగిలింది గాని, దానికి కళ్ళుగా పనిచేసే సమాచారం మిగలలేదు.

ఈ యుద్ధంలో మూల్యం చెల్లించినవారు మరొకరున్నారు. ఫ్రెంచి ఐరోపా దళపు పూర్తి దెబ్బను ముందుగా భరించినవారు ఎర్రదుస్తుల సిపాయీలు. వారిని ఎరగా నిలపడం ఫోర్డ్ ముందుగా వేసిన పథకమా, చేను కల్పించిన అదృష్టమా అన్నది వేరే చర్చ. ఏదైనా, అనుభవజ్ఞుడైన సేనాని విజయం కూడా పేరు లేని సైనికుల దేహాల మీదనే నిలిచింది. క్లైవ్ తొలిసారి మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయీల కారణంగా ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది. ఆ విధంగా తెలుగు ప్రాంతపు పేరునే ఒక వృత్తినామంగా ధరించిన వర్గం, తెలుగు గడ్డ మీద జరిగిన నిర్ణాయక యుద్ధంలో రెండువైపులా నిలబడి పోరాడింది. వారి కథను చెప్పిన చిత్రం రాలేదు.

ఆనందరాజు పాత్ర కూడా పునఃపరిశీలన కోరుతుంది. యుద్ధం తరువాత ఒప్పుకున్న సొమ్ము చెల్లించడంలో అతడు జాప్యం చేశాడనీ, అందువల్ల ఫోర్డ్ మచిలీపట్నం ప్రయాణం వారాల తరబడి ఆగిపోయిందనీ ఆంగ్ల కథనాలు తప్పుబట్టాయి. గద్దెనెక్కి రెండేళ్ళు నిండని ఒక సంస్థానాధీశుడు, నెలకు 50,000 రూపాయల చొప్పున ఒక విదేశీ సైన్యాన్ని పోషించవలసిన స్థితిలో, చెల్లింపును బేరసారాలకు ఆయుధంగా వాడుకోవడం అనుభవరాహిత్యమా, రాజనీతియా అని ఆలోచించాలి. ఫోర్డ్ 1759 ఏప్రిల్ 7 రాత్రి మచిలీపట్నం కోట మీద దాడిచేసి కాన్‌ఫ్లాన్స్‌ను లొంగదీశాడు. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం ప్రాంతాన్ని ఆంగ్లేయులకు ఇచ్చే ఒప్పందం చేసుకున్నాడు. ఆనందరాజు ఆహ్వానించిన చేయి అక్కడితో ఆగలేదు.

5. జలుమూరు (1768): అనుభవానికి తగ్గిన విలువ

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లోను 1768లోను నిజాముతో జరిగిన ఒప్పందాలు ఉత్తర సర్కారులను కంపెనీకి కట్టబెట్టాయి. అయితే కాగితం మీది హక్కు భూమి మీద అమలు కావాలి. పర్లాకిమిడి ప్రభువు నారాయణదేవ్ దీనిని అంగీకరించలేదు. 1768లో కర్నల్ పీచ్ నాయకత్వంలోని కంపెనీ దళం అతణ్ణి జలుమూరు వద్ద ఓడించింది.

నారాయణదేవ్ కొత్తగా గద్దెనెక్కినవాడు కాడు. పొరుగు సంస్థానాలతో, ముఖ్యంగా విజయనగరంతో, చిరకాలం పోరాడినవాడు. అతని ఓటమి మన చర్చకు ఒక దిద్దుబాటు. ఏ యుద్ధాలలో గడించిన అనుభవమో ఆ యుద్ధాలకే అది చాలుతుంది. కొండదారులను, పొరుగు సంస్థానాల బలాబలాలను ఎరిగిన నేర్పు, క్రమశిక్షణతో వరుసగా కాల్పులు జరిపే పటాలం ముందు మైదానంలో నిలవలేదు. వంశధార మైదానంలో జరిగిన ఈ చిన్న యుద్ధం ఒక తరం సంస్థానాధీశుల సైనికానుభవం ఒక్కసారిగా పాతబడిందని తెలిపింది. యుద్ధనియమాలు మారినపుడు వృద్ధులు కూడా కొత్తవారే అవుతారు.

6. పద్మనాభం (1794): ముప్పై ఏళ్ళ శిష్యరికం

ఆనందరాజు మరణానంతరం పూసపాటి గద్దెకు దత్తత ద్వారా వచ్చిన బాలుడు చిన విజయరామరాజు. రాజ్యాధికారం సవతి అన్న, దివాను సీతారామరాజు చేతిలో ఉండేది. తరువాతి మూడు దశాబ్దాలలో అధికభాగం సైన్యం, వసూళ్ళు, కంపెనీతో సంప్రదింపులు అన్నీ సీతారామరాజు ద్వారానే సాగాయి. యుక్తవయస్సు వచ్చిన రాజు అతనిని వద్దన్నపుడు, 1778లో మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డ్ ఒత్తిడితో సీతారామరాజునే దివానుగా అంగీకరించవలసి వచ్చింది. తరువాత రంబోల్డ్ చర్యల మీద ఇంగ్లండులో సాగిన విచారణలో ఈ వ్యవహారం కూడా చర్చకు వచ్చింది. 1784లో పరిస్థితిని పరిశీలించిన సర్క్యూట్ కమిటీ విజయనగర సైన్యం 12,000కు మించిందని పేర్కొని, దానిని ఆందోళనకర విషయంగా భావించింది.

ఈ మాటలను పక్కపక్కన ఉంచి చదివితే ఒక చిత్రం రూపుదిద్దుకుంటుంది. రాజుకు పెద్ద సైన్యం ఉంది, దానిని నడిపే అవకాశం లేదు. గద్దె ఉంది, నిర్ణయాధికారం లేదు. కంపెనీకి సమర్థుడైన దివాను కావాలి, స్వతంత్రుడైన రాజు అక్కరలేదు. 1793లో సీతారామరాజును మద్రాసుకు రప్పించిన తరువాత పేష్‌కష్ బకాయిల భారమంతా ఒక్కసారిగా రాజు మీద పడింది. బకాయిలు చెల్లించలేదన్న కారణంతో కంపెనీ జమీందారీని స్వాధీనం చేసుకుంది. నెలకు 1,200 రూపాయల భరణంతో మచిలీపట్నంలో నివసించవలసిందిగా ఆదేశించింది.

రాజు బయలుదేరాడు గాని మచిలీపట్నం చేరలేదు. విజయనగరానికి, భీమునిపట్నానికి నడుమ ఉన్న పద్మనాభం వద్ద ఆగాడు. అక్కడ అనుచరులు సుమారు 4,000మంది చేరారు. ఆజ్ఞను పాటించనూ లేదు, కోటకు తిరిగివెళ్ళి ఎదిరించనూ లేదు, కొండలలోకి పోయి దీర్ఘకాలిక పోరాటానికి సిద్ధపడనూ లేదు. 1794 జూలై 10 తెల్లవారుజామున లెఫ్టినెంట్ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళాలు దాడి చేశాయి. యుద్ధం ముప్పావుగంట సాగింది. విజయరామరాజు, అతని చుట్టూ నిలిచిన పలువురు క్షత్రియ ప్రముఖులు మరణించారు.

పద్మనాభంలో రాజు ఆగిపోవడాన్ని రెండు విధాలుగా వ్యాఖ్యానించవచ్చు. ఒకటి, అవమానకరమైన భరణం కంటె మరణమే మేలని నిశ్చయించుకున్న క్షాత్రం. రెండు, ఏ నిర్ణయమూ తీసుకోలేక నడిదారిలో నిలిచిపోయిన నాయకత్వం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. జీవితంలో తొలిసారిగా పూర్తి నిర్ణయాధికారం చేతికి వచ్చేసరికి అతని ముందు మిగిలిన దారులన్నీ ఓటమికే చేరేవి. 1760 ప్రాంతంలో గద్దెనెక్కిన వ్యక్తి 1794లో ‘అనుభవం లేని నాయకుడు’ కావడంలో అతని వయసుకు సంబంధం లేదు. అనుభవం గడించే ప్రతి అవకాశాన్నీ మూడు దశాబ్దాల పాటు ఇతరులు తమ చేతిలో ఉంచుకోవడమే దానికి కారణం. కొడుకు నారాయణబాబును అనుచరులు కొండ ప్రాంతాలకు తీసుకుపోయారు. ఆ తరువాత అశాంతి చెలరేగడంతో కంపెనీ అతనితో రాజీపడి, తగ్గించిన హద్దులతో జమీందారీని తిరిగి ఇచ్చింది. అంటే తండ్రి ప్రయత్నించని కొండదారి కొడుకుకు కొంత ఫలితమిచ్చింది. ఆ దారి లేకపోలేదని ఇది సూచిస్తుంది. దానిని చూడగలిగే స్థితిలో రాజును ఎవరూ ఉంచలేదు.

7. ఆధారాలు: ఎవరి కలం, ఎవరి తీర్పు

ఈ యుద్ధాల సమాచారానికి ప్రధానాధారాలు రాబర్ట్ ఓర్మ్ రచించిన సైనిక చరిత్ర, మాల్లెసన్ యుద్ధ గ్రంథాలు, 1869 నాటి కార్‌మైకేల్ మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్. ఇవన్నీ గెలిచిన పక్షపు రచనలు. వాటిలో కాన్‌ఫ్లాన్స్ అసమర్థుడు, ఆనందరాజు నమ్మదగనివాడు, చిన విజయరామరాజు బలహీనుడు, సీతారామరాజు సమర్థుడు గాని కుటిలుడు. ఓడిన ప్రతి నాయకునికీ ఒక స్వభావదోషం అంటగట్టిన ఈ వర్ణనలు పాలనాపరమైన ఒక అవసరాన్ని తీర్చాయి. రాజు బలహీనుడైతే జమీందారీ స్వాధీనం దురాక్రమణ కాక, బాధ్యతగా కనిపిస్తుంది.

తెలుగు పక్షాన దిట్టకవి నారాయణకవి ‘రంగారాయ చరిత్రము’, బొబ్బిలి జంగం కథ ఉన్నాయి. అవి వెలమ వీరుల కీర్తిని నిలపడానికి పుట్టినవి. వాటిలో విజయరామరాజు దుష్టుడు, బుస్సీ అతని చేతి ఆయుధం. ఆంగ్ల గ్రంథాలు స్వభావదోషాన్ని, తెలుగు గాథలు ద్రోహాన్ని కారణంగా చూపాయి. రెండు సంప్రదాయాలూ నిందను వ్యక్తి మీదనే మోపాయి. లాలీ ఉత్తర్వు, రంబోల్డ్ ఒత్తిడి, నెలవారీ సైనిక వ్యయం, పేష్‌కష్ బకాయిలు నేపథ్యంలోకి తప్పుకున్నాయి. కాగా, ఈ వివరాలు ఆ ఆంగ్ల గ్రంథాలలోనే దొరుకుతాయి. తీర్పును పక్కనపెట్టి వివరాన్ని స్వీకరించడం పరిశోధకుని పని.

8. చిత్రణకు సంబంధించిన పర్యవసానాలు

బొబ్బిలి తెరకెక్కి, చందుర్తి ఎక్కకపోవడానికి కారణం ఇపుడు స్పష్టం. బొబ్బిలిలో మరణం ఒక నిర్ణయం. కథానాయకుడు దానిని ఎన్నుకుంటాడు, ప్రేక్షకుడు దుఃఖిస్తూనే గర్విస్తాడు. చందుర్తిలో రెండు విదేశీ సేనలు ఒక తెలుగు ఊరి పంటచేలలో తలపడ్డాయి. అక్కడ గర్వించదగిన పక్షమేదో ప్రేక్షకునికి తోచదు. జలుమూరులో పోరాటం స్వల్పం. పద్మనాభంలో నాయకుడున్నాడు, మరణమున్నది, కాని అతని సందిగ్ధాన్ని వీరగాథా భాషలో చెప్పడం కష్టం. అందుకే బొబ్బిలికి దక్కిన దృశ్యరూపం పద్మనాభానికి దక్కలేదు.

అనుభవరాహిత్యాన్ని ప్రధాన వస్తువుగా తీసుకునే చిత్రణకు ఈ యుద్ధాలు తగిన సామగ్రినిస్తాయి. ‘వెన్ ట్రంపెట్స్ ఫేడ్’ ఒక సామాన్య సైనికుని స్థానం నుంచి యుద్ధాన్ని చూసింది. చందుర్తి చేలో ఎర్రదుస్తులు ధరించి, తాను ఎందుకు ముందు నిలిచాడో తెలియని సిపాయీ స్థానం నుంచి చూస్తే, బుస్సీ, ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్‌ల మధ్య తేడాలు మరొక వెలుగులో కనిపిస్తాయి. రాజాజ్ఞ కోసం పద్మనాభంలో ఎదురుచూస్తూ, ఆ ఆజ్ఞ ఏమిటో తెలియని పదాతి స్థానం కూడా అటువంటిదే. ప్రసారమాధ్యమాలకు ఇది ఒక సూచన మాత్రమే. కళాశాలలలో చరిత్ర బోధించేవారికి మాత్రం ఇది తక్షణావసరం. విద్యార్థులు స్థానిక యుద్ధాలను ముందుగా తెర మీదనే కలుసుకుంటున్నారు. తెర చూపనిదాన్ని తరగతిగది చూపకపోతే అది మరెక్కడా కనిపించదు.

9. ముగింపు

నాలుగు యుద్ధాల పరిశీలనలో నాలుగు రకాల అనుభవరాహిత్యాలు కనిపించాయి. బుస్సీకి సైనికానుభవం ఉంది, స్థానిక జ్ఞానం లేదు. కాన్‌ఫ్లాన్స్‌కు రెండూ లేకుండా చేసింది ఒక దూరపు ఉత్తర్వు. నారాయణదేవ్ అనుభవాన్ని మారిన యుద్ధపద్ధతి పాతబరచింది. చిన విజయరామరాజుకు అనుభవం గడించే అవకాశమే ఇవ్వలేదు. వీటిలో ఏ ఒక్కటీ స్వభావదోషంతో వివరించదగినది కాదు. ప్రతి సందర్భంలోనూ నిర్ణయం తీసుకున్నవారు యుద్ధభూమికి దూరంగా ఉన్నారు, దాని ఫలితాన్ని అనుభవించినవారు అక్కడ ఉన్నారు.

పద్మనాభం తరువాత ఎనిమిదేళ్ళకు, 1802లో, శాశ్వత శిస్తు పద్ధతి ఈ ప్రాంతంలో అమలులోకి వచ్చింది. సంస్థానాధీశుడు సేనానాయకుని స్థానం నుంచి శిస్తు కట్టే జమీందారు స్థానానికి దిగాడు. అతనికి ఇక యుద్ధానుభవంతో పని లేకుండాపోయింది. అనుభవం లేని నాయకులను తయారుచేసిన వ్యవస్థ, చివరకు నాయకత్వాన్నే అనవసరం చేసింది. ఉత్తరాంధ్ర చరిత్రలో ఈ మార్పు ఎంత లోతైనదో తెలియాలంటే బొబ్బిలి కోట గోడల దగ్గరనే ఆగిపోకుండా, చందుర్తి చేల మీదుగా, జలుమూరు మైదానం మీదుగా, పద్మనాభం కొండ పాదం దాకా నడవవలసి ఉంటుంది.